ఒక్క మీటింగుకి సరిపడా ఇంగ్లీషు

సుశీలక్క దగ్గర మర్యాద కోసం ఏ మాటా అనకూడదని, ఆ ఇంట్లో అద్దెకు దిగిన రోజే నాకు తెలిసింది. సామాన్ల లారీ ఇంకా గేటు దగ్గరే ఉంది. వాకిట్లో నిలబడి చూస్తున్న ఇంటావిడతో, "ఒకసారి కాఫీకి రండక్కా" అన్నాను, లోకంలో అందరూ అనేట్టే. సాయంత్రానికి ఆమె వచ్చేసింది. నా దగ్గర పాలు లేవు. గ్లాసులు ఏ అట్టపెట్టెలో ఉన్నాయో తెలీదు. ఆమె కిందికి వెళ్ళి పాలూ గ్లాసులూ తెచ్చి నా చేతికిచ్చి, "ఇప్పుడు పెట్టు, పిలిచినావు కదా" అని బీరువా పక్కన చాప పరుచుకుని కూర్చుంది.

ఎవరేమన్నా ఆమె అక్షరాలా తీసుకునేది. టైలరు "రేపు రండి" అంటే రేపు వెళ్ళి, జాకెట్టు చేతికొచ్చేదాకా అతని బల్ల మీదే కూర్చునేది. పాపం అమాయకురాలు అనుకున్నాను మొదట్లో. ఆ అభిప్రాయం మార్చుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

అది రెండువేల మూడు. మావారు మల్లికార్జున్‌కి వైట్‌ఫీల్డులో ఉద్యోగం. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆయన పని. ఇంట్లో ఆ పని నాది. బ్రూక్‌ఫీల్డు వెనక సందులో సుశీలక్క వాళ్ళ మేడ మీద వాటా మాది. ఆ ఇల్లు ఆమె నాయన కట్టింది. పెరట్లో బావి కూడా ఆయన తవ్వించిందే. కాంపౌండు గోడకు అవతల నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. ఆ సందులో అది లేచాక మాకు ఎండ తగ్గింది. బావికి నీళ్ళు కూడా.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఆమె చేటలో బీన్సు పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"అమ్మణ్ణీ, నువ్వు నాకు ఇంగ్లీషు నేర్పియ్యల్ల."

"ఇప్పుడెందుకక్కా?"

"అంతా వద్దప్పా. ఒక్క మీటింగుకి సరిపడా చాలు."

సంగతేమిటంటే, అపార్ట్‌మెంటు వాళ్ళ బోరు ఎండిపోయింది. ఇంకోటి వేయించడానికి ఒక నీళ్ళు చూసే మనిషిని పిలిపించారు. కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళూ, వాటికి బుద్ధి చెప్పేవాళ్ళూ అందరూ గుంపుగా వెంట నడుస్తుండగా అతను అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఆవరణంతా తిరిగాడు. సుశీలక్క గోడకు ఆనుకున్న మూలలో కొబ్బరికాయ నిటారుగా లేచి నిలబడింది, నీళ్ళు ఇక్కడే అన్నట్టు. గోడకు ఇవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో బావి.

"ఆ మూల బోరు పడితే బావి పోయినట్టే" అంది సుశీలక్క.

"వాళ్ళ సెక్రెటరీ ఓంకార్ గారు మన తెలుగాయనే కదా. తెలుగులోనే చెప్పండి."

"శానా తూర్లు చెప్పినా. తెలుగులో చెప్తే 'చూద్దామమ్మా' అంటాడు. చూద్దాం అంటే లేదని. అది ఆయప్పకీ తెలుసు, నాకీ తెలుసు. పోనీ కన్నడంలో చెప్తే 'స్వల్ప అడ్జస్ట్ మాడి' అంటాడు, కొంచెం సర్దుకోండని. వాళ్ళు స్వల్ప, స్వల్ప అనేకొద్దీ మాది అంతా పోతా ఉండాది." ఆమె బీన్సు తొడిమ తుంచింది. "ఇంగ్లీషు కరెక్టు భాష. అందులో చూద్దాం ఉండదు. అవునంటే అవును, లేదంటే లేదు."

"అయినా వాళ్ళ మీటింగుకి మిమ్మల్ని రానిస్తారా?"

"నిన్న ఆయప్పే అన్నాడు. 'మీరే వచ్చి మీటింగులో చెప్పండమ్మా, కాకపోతే అక్కడంతా ఇంగ్లీషే' అని. రమ్మన్నాడు కదా. పోతా."

ఓంకార్ గారు ఆ మాట ఎందుకన్నారో నాకు అర్థమైంది. పాపం, ఆయన ఎప్పుడూ ఆమెను కాఫీకి పిలిచి ఉండరు.

ఇంతలో కింద ధబేలుమని చప్పుడైంది. నేను వరండాలోంచి తొంగిచూశాను. సుశీలక్క భర్త జయరామప్ప గారు కూలీలతో నల్లబండలు దింపించి గోడకు ఆనించి పెట్టిస్తున్నారు. జిగణిలో ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా ఖాళీగా ఉంటే ఓర్చుకోలేరు.

"అవి బావి మీద పరిచేకి" అంది సుశీలక్క, తల ఎత్తకుండానే. "బావి మూసేసి దానిమీద రెండు రూములు లేపుతాడంట. మీటింగు దాకా ఆగమన్నా. ఆ మూల బోరు పడితే నేను నోరు మూసుకోవల్ల, బావీ మూసుకోవల్ల. అదీ మా ఒప్పందం."

"ఎండిపోయే బావికి కాపలా ఏందప్పా" అని కింది నుంచి ఆయన గొంతు వినిపించింది. మా మేడ మీద మాటలు కిందికి చక్కగా వినిపిస్తాయని నాకు అప్పుడే తెలిసింది. అప్పటికి ఆ ఇంట్లో చేరి ఏడాది.

*

సుశీలక్క కన్నడం మీడియంలో హైస్కూలు దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. బస్సుల్లో, బ్యాంకుల్లో వినిపించే మాటలు వచ్చు. వాటిని ఒకదానికొకటి అతికించడమే రాదు. నేను బి.ఏ. చదివాను. ఇంగ్లీషులో సెకండ్ క్లాసు. పాఠం చెప్పడానికి అంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

ముందు నామవాచకాలు మొదలుపెట్టాను. లెక్కపెట్టగలిగేవి, లెక్కపెట్టలేనివి.

"బీన్సు లెక్కపెట్టొచ్చా?" అంది చేటలోకి చూస్తూ.

"పెట్టొచ్చు. మెనీ బీన్స్."

"బియ్యం?"

"లెక్కపెట్టరు. మచ్ రైస్ అనాలి."

"ఎందుకు పెట్టరు? రాళ్ళు ఏరేటప్పుడు ఒక్కొక్క గింజే చూస్తాం కదా."

"ఇంగ్లీషువాళ్ళు ఎప్పుడూ బియ్యంలో రాళ్ళు ఏరలేదక్కా" అన్నాను. గ్రామర్ పుస్తకంలో అంతకంటే మంచి కారణం నాకు కనపడలేదు.

"సరి. నీళ్ళు?"

"వాటర్. దానికి ఎస్ ఉండదు. వాటర్ ఈజ్ అనాలి, ఆర్ అనకూడదు."

ఆమె చాకు ఆపింది. "అదెట్లప్పా? నీళ్ళు వచ్చినాయి అంటాం, వచ్చింది అనం కదా. పాలు పొంగినాయి అంటాం. నీళ్ళూ పాలూ ఎప్పుడూ ఒకటి కాదు, శానా."

"ఇంగ్లీషులో ఒకటే."

"ఊఁ." లోపలి గది వైపు చూసింది. "మీ ఆయన ఆఫీసుకి పోయినాడా?"

"లేదక్కా, మావారు లోపల నిద్రపోతున్నారు."

"చూడు మళ్ళా. ఒక్క మొగుడికి 'పోతున్నారు' అంటావు. బావినిండా నీళ్ళుంటే ఈజ్ అంటావు." ఆమె మళ్ళీ బీన్సు అందుకుంది. "నాకు సులభమే. మా ఇంటాయన ఎప్పుడూ 'ఉండాడు'. మొగుడికి ముందే ఈజ్ పెట్టేసినా."

తర్వాత ఏ, ద. ఇది కష్టం అనుకున్నాను. మన భాషలో లేని సామాను. తెలియనిదాన్ని మొదటిసారి మాటల్లోకి తెస్తే ఏ అనీ, వినేవాళ్ళకి అదేదో ముందే తెలిసి ఉంటే ద అనీ చెప్పాను. "ఏ మిల్క్‌మన్ అంటే ఎవరో పాలవాడు. ద మిల్క్‌మన్ అంటే మన పాలవాడు."

"అంటే, పెండ్లిచూపులప్పుడు ఏ మొగపిల్లోడు. పెండ్లయినాక ద మొగుడు."

"అంతే."

"ఏ మొగుడు వచ్చినాడు అంటే?"

"సందులో గొడవవుతుంది."

కింద బండల మీద కూర్చుని పేపరు చదువుతున్న జయరామప్ప గారు తల ఎత్తకుండానే అన్నారు. "పెండ్లయినాక ఏ దీ లేదప్పా."

అది వ్యాకరణమో, వైరాగ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

బావి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె నవ్వలేదు. "బావికి ఏది పెట్టల్ల?"

"మీరు ఏమనుకుంటున్నారు?"

"మా చిన్నప్పుడు ఈ సందంతా ఈ నీళ్ళే. 'బావి కాడికి పోయొస్తా' అంటే ఏ బావి అని ఒక్కరూ అడిగేవాళ్ళు కారు."

"అయితే ద వెల్."

"ద వెల్" అంది నెమ్మదిగా. ఆ రెండు మాటలూ పాఠంలా కాకుండా, ఎవరినో పరిచయం చేస్తున్నట్టు అంది. మన భాషలో ద లేదని చెప్పినందుకు నాకే కాస్త సిగ్గనిపించింది. ఉంది, మనం పైకి అనమంతే.

*

మే నెల మధ్యకొచ్చేసరికి చేంతాడు చాలక సుశీలక్క దానికి పాత చీర అంచు ఒకటి ముడేసింది. తర్వాత నైలాన్ తీగ ముడేసింది. చేద కిందికి దిగి, పైకి వచ్చేసరికి నేను ఒక బక్కెటు బట్టలు ఆరేసేదాన్ని. ఆమె నీళ్ళ గురించి ఎవరితోనూ ఏడవలేదు. తాడు పెంచుకుంటూ పోయింది, అంతే.

మీటింగు ముందు ఆదివారం రిహార్సల్ పెట్టుకున్నాం. మల్లికార్జున్‌ని ఓంకార్ గారిగా నియమించాను. ఉప్మా తింటూనే కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు మార్చి, "యెస్ మేడమ్, టెల్ మీ" అన్నారు.

సుశీలక్క కొంగు సర్దుకుంది. తనే తయారుచేసుకున్న వాక్యాలు అప్పజెప్పింది.

"సర్, ద వెల్ ఈజ్ ఓల్డ్. మై ఫాదర్ డగ్ ద వెల్. ఇన్ ద వెల్ దేర్ ఈజ్ ఏ లిటిల్ వాటర్. ప్లీజ్ డోంట్ పుట్ ఏ బోర్ ఇన్ ద కార్నర్."

ఒక్క ఏ తప్పిపోలేదు, ఒక్క ద జారిపోలేదు. వాటర్‌కి ఎస్ లేదు. నేను మురిసిపోయి మల్లికార్జున్ వైపు చూశాను.

ఆయన చెంచా కింద పెట్టారు. "దేర్ ఈజ్ ఏ లిటిల్ వాటర్? దెన్ వాట్ ఈజ్ ద ప్రాబ్లమ్, మేడమ్?"

అప్పుడు వెలిగింది నాకు. తప్పులు వెతికి వెతికి ఆయనకు అలవాటైపోయిన పని, ఆ ఒక్కరోజు మా ఇంటికి పనికొచ్చింది.

"అక్కా, ఆ ఏ తీసెయ్యండి."

"ఎందుకు? వాటర్ ముందర లిటిల్ ఉంటే ఏ పెట్టొచ్చన్నావే."

"పెట్టొచ్చు. కానీ ఏ లిటిల్ అంటే కొంచెం ఉన్నాయి, పరవాలేదు, సరిపోతాయని. ఏ లేకుండా లిటిల్ అంటే దాదాపు లేనట్టే అని. ఆ చిన్న ఏ పెట్టారంటే మీరే వాళ్ళకి బోరు వేసుకోమని చెప్పినట్టు."

ఆమె తల దించుకుంది. ఇంతకాలం చదివింది ఒక్క అక్షరం దగ్గర కూలిపోయిందని బాధపడుతోందనుకున్నాను. కాదు. ఆమె పెదవులు కదులుతున్నాయి.

"కొంచెం ఉండాయి. కొంచెమే ఉండాయి" అంది. మళ్ళీ అంది. "మనకీ ఉండాది కదప్పా ఇది. కొంచెం, కొంచెమే. మనం లేవని చెప్పేకి ఏ తగిలిస్తాం. వాళ్ళు లేవని చెప్పేకి ఏ పీకేస్తారు."

మల్లికార్జున్ ఉప్మా ప్లేటు పక్కన పెట్టి ముందుకు వంగారు. "కొందరు వచ్చారు, కొందరే వచ్చారు. ఏ ఫ్యూ, ఫ్యూ." ఆఫీసులో ఎవరి ప్రోగ్రాము తప్పు లేకుండా నడిచినప్పుడో వచ్చే గొంతు అది. "కరెక్టే. పనిచేస్తోంది."

"ఒకే ఏ" అంది సుశీలక్క. "మన ఏ పెడితే బావిలో నీళ్ళు తగ్గుతాయి. వాళ్ళ ఏ పెడితే పెరుగుతాయి."

నేను పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడుతున్నాను. బడిలోనూ కాలేజీలోనూ ఏళ్ళతరబడి ఇంగ్లీషు చదివాను. ఆ రెండు ఏలూ ఒకదాని ఎదురుగా ఒకటి అలా నిలబడి ఉన్నాయని నాకెప్పుడూ తట్టలేదు. కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళాను. నిజానికి కాఫీ అప్పటికే తాగేశాం.

తెలియడం వేరు, నాలుక తిరగడం వేరు. అలవాటైన ఏ ఊరుకుంటుందా. లేమి చెప్పాలనుకున్న ప్రతిసారీ తెలుగు ఏ ఎగిరొచ్చి ఇంగ్లీషు ఏ కుర్చీలో కూర్చునేది. ఆ వారమంతా సుశీలక్క కనపడిన ప్రతిదాని మీదా సాధన చేసింది. జీలకర్ర డబ్బా మూత తీసి, "లిటిల్." ఉప్పు జాడీ చూసి, "ఏ లిటిల్." కింద జయరామప్ప గారి ఓపిక, "లిటిల్." ఒక పొద్దున ఆఫీసుకి దిగుతున్న మల్లికార్జున్ తల వెనకభాగం చూసి, తనలో తను, "లిటిల్ హెయిర్" అంది.

"ఏ పెట్టండక్కా, పాపం" అన్నాను.

*

మీటింగు అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టే చోట. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు, మరిగిపోయిన టీ. సుశీలక్క టైలరు దగ్గర కూర్చుని సాధించిన కొత్త జాకెట్టు వేసుకుంది. మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం. ఓంకార్ గారు మమ్మల్ని చూసి ఒక్క క్షణం తడబడి, నవ్వి, తల ఊపారు. మంచి మనిషే. మంచితనం వల్లే ఎవరికీ లేదని చెప్పలేక చూద్దామనేవారు.

ముందు కుక్కల గురించి గంటసేపు వాదించుకున్నారు. తర్వాత, చెడిపోయి తాళం పడిన లిఫ్టును వెంటనే బాగుచేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు. ఒక్కొక్కరి ఇంగ్లీషులోంచి ఒక్కొక్క ఊరు తొంగిచూస్తోంది. ఒకాయన లేచి సెక్యూరిటీ స్టాఫ్స్ సరిగా లేరన్నాడు. సుశీలక్క నా చెవి దగ్గర, "స్టాఫ్‌కి ఎస్ ఉండదు కదా" అంది. నేను ఆమె మోచెయ్యి నొక్కాను. ఇంకొకామె పాత ఫర్నిచర్స్ అంది. ఈసారి నొక్కకముందే సుశీలక్క నా వైపు చూసింది.

బోరు వంతు వచ్చింది. "అవర్ నైబర్ మేడమ్ వాంట్స్ టు సే సమ్‌థింగ్" అన్నారు ఓంకార్ గారు.

ఆమె లేచింది. "సర్, ద వెల్ ఈజ్ ఓల్డ్" అని మొదలుపెట్టింది. మొదటి మాటలు గబగబా అనేసి, ఫాదర్ దగ్గరికొచ్చేసరికి నిదానించింది. "ఇన్ ద వెల్ దేర్ ఈజ్" అని ఆగింది. నాకు తెలుసు ఎందుకు ఆగిందో. నాలుక మీద ఏ ఎక్కి కూర్చుంది, దాన్ని దించుతోంది. "లిటిల్ వాటర్" అంది.

ఓంకార్ గారు దయగా నవ్వారు. "ఏ లిటిల్. సో దేర్ ఈజ్ సమ్ వాటర్, మేడమ్."

ఆయన కావాలని అన్నారనుకోను. ఆయనా తెలుగువాడే. చిన్నప్పటి నుంచీ కొంచెమే అని పెరిగిన నాలుకే అది.

"నో ఏ, సర్" అంది సుశీలక్క.

అక్కడక్కడా కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఏ లిటిల్, ఐ విల్ గివ్. టు ఆల్ హౌసెస్ ఐ విల్ గివ్. లిటిల్," ఆమె రెండు చేతులూ ఖాళీగా తిప్పి చూపించింది, "హౌ టు గివ్?"

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని వెనక్కి తిరిగి చూసింది. ఓంకార్ గారు టేబులు మీది కాయితాలు ఒక దొంతరగా సర్దారు. గొంతు సవరించుకున్నారు.

"పాయింట్ నోటెడ్, మేడమ్. వుయ్ విల్ సీ."

సుశీలక్క నా వైపు వంగి తెలుగులో అడిగింది. "చూద్దామనేనా?"

"అదే" అన్నాను.

"ఇంగ్లీషులోనూ ఉండాదా ఇది."

ఆమె ముఖంలో అంతటి నిరాశ నేను అంతకుముందు చూడలేదు. బావి గురించి కాదు. అంత నమ్మిన భాష కూడా ఇంతేనా అన్నట్టు. నాకు గోడకు ఆనించిన బండలు గుర్తొచ్చాయి. చేతిసంచీ భుజానికి తగిలించుకున్నాను, ఇక వెళ్దాం అన్నట్టు.

ఆమె కూర్చోలేదు. వెళ్ళనూ లేదు. ముందుకు తిరిగి, "ఓకే సర్. కమ్" అంది.

"వేర్, మేడమ్?"

"యు సెడ్ వుయ్ విల్ సీ. వుయ్ ఈజ్ ఆల్. ఆల్ కమ్. సీ."

అని, వెనక ఎవరైనా వస్తున్నారో లేదో చూసుకోకుండా కార్ల మధ్య నుంచి గేటు వైపు నడిచిపోయింది. వుయ్ ఈజ్ తప్పని నేను ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు.

ముందు ఆ పెద్దావిడ లేచింది. పిల్లలు పరిగెత్తారు. కుక్కల మీద వాదించుకున్న ఇద్దరూ కలిసే లేచారు. సెక్రెటరీ ఒక్కడే కూర్చుంటే మీటింగు కాదు కాబట్టి చివరికి ఓంకార్ గారూ లేచారు. బండల మీద బనీనుతో కూర్చుని వేరుశనక్కాయలు తింటున్న జయరామప్ప గారు, ఒక అపార్ట్‌మెంటు మొత్తం తన పెరట్లోకి నడిచి రావడం చూసి, లేచి చొక్కా కోసం లోపలికి పరిగెత్తారు.

సుశీలక్క నేరుగా బావి దగ్గరికి వెళ్ళింది. చేద వదిలింది. గిలక తిరుగుతోంది. అసలు తాడు అయిపోయింది. చీర అంచు వచ్చింది. మెరూన్ రంగు, ఒకప్పుడు జరీ ఉన్నట్టుంది. అదీ అయిపోయి నైలాన్ తీగ వచ్చింది. అందరూ గట్టు మీద చేతులానించి కిందికే చూస్తున్నారు. తీగ కూడా చివరికి వచ్చాక కిందనుంచి ఒక చప్పుడు వినిపించింది. నీళ్ళ చప్పుడు కాదు. ఖాళీ గిన్నె అడుగున గరిటె గీరిన చప్పుడు.

ఆమె చేదను పైకి లాగి గట్టు మీద పెట్టింది. అడుగున బురద రంగు నీళ్ళు. దాని పక్కన నిలబడింది. చూడమన్నది, చూశారు.

ఓంకార్ గారు చేదలోకి ఒకసారి తొంగిచూసి, తెలుగులో, చిన్న గొంతుతో అడిగారు. "ఎన్ని అడుగులుంటుందమ్మా?"

"సిక్స్‌టీ ఫీట్, సర్" అంది సుశీలక్క. "మై ఫాదర్ డగ్."

ఆయన తెలుగు వదల్లేదు, ఆమె ఇంగ్లీషు వదల్లేదు. వాళ్ళిద్దరూ అలాగే బావి గురించి కాసేపు మాట్లాడుకున్నారు. ఈలోగా ఆ పెద్దావిడ గోడ అవతలి మూలనూ, దూరంగా ఉన్న గేటునూ మార్చి మార్చి చూసి, గేటు దగ్గర స్థలానికి ఏమైందని కన్నడంలో అడిగింది. అక్కడ కార్లు తిప్పుకోవాలని ఎవరో అన్నారు. "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంది ఆమె.

*

బోరు గేటు దగ్గర వేశారు. అక్కడ కొబ్బరికాయ లేవలేదు కానీ నీళ్ళు పడ్డాయి. అవి చాలక మిగతా వేసవి ట్యాంకర్లతో గడుపుకున్నారు. బోరు పడిన మర్నాడే జయరామప్ప గారు కూలీలను పిలిచారు. నేను వరండాలోకి పరిగెత్తాను. ఆ బండలను బావి చుట్టూ వేయించి, ఒకదాన్ని వాలుగా, బట్టలుతుక్కోవడానికి పెట్టించారు. రూముల మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన పాత స్నేహితుడు ఒకరు వచ్చి ఆ చప్టా చూసి మెచ్చుకుంటే, "మాది కాదప్పా, అంతా ద సుశీల చేసింది" అన్నారు. పేర్ల ముందు ద రాదని చెప్పబోయి ఊరుకున్నాను. అక్కడ మాత్రం వచ్చింది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై, వినాయకచవితి పోయాక గట్టిగా పట్టుకున్నాయి. ఒక పొద్దున తెరిపిచ్చింది. వరండాలో తడిబట్టలు దులుపుతుంటే కింద గిలక తిరిగిన చప్పుడైంది. ఎప్పుడూ వినిపించేంతసేపు వినపడలేదు. వంగి చూశాను. సుశీలక్క చప్టా మీద కూర్చుని చేంతాడుకున్న నైలాన్ తీగ ముడి విప్పుతోంది. తర్వాత చీర అంచు ముడి విప్పింది. రెంటినీ చుట్టలు చుట్టి పక్కన పెట్టి, తల పైకెత్తింది.

"అమ్మణ్ణీ."

"ఏమక్కా?"

"ఏ లిటిల్" అంది. ఆ ఏ అక్షరాన్ని సాగదీసి, నోరారా.

లోపల్నుంచి మల్లికార్జున్ ఏమిటని అడిగారు. "నీళ్ళు వచ్చాయట" అన్నాను.

నేను దిగి వెళ్ళేసరికి ఇత్తడి బిందె నిండా నీళ్ళు పట్టి, ఆ కొత్త జాకెట్టు వేసుకుని గేటు తీస్తోంది. చప్టా మీద ఇంకో బిందె నిండి ఉంది.

"ఎక్కడికక్కా పొద్దున్నే?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఏ లిటిల్ ఉంటే అందరిండ్లకీ ఇస్తానని మీటింగులో చెప్పినా కదా. ముందు ఆయప్పకి."

రెండో బిందె నేను ఎత్తుకున్నాను. ఓంకార్ గారి ఇల్లు పై అంతస్తులో. లిఫ్టు దగ్గర, మే నెలలో చూసిన తాళమే ఇంకా వేలాడుతోంది.